బహువాడుకరి వైర్‌లెస్ స్థానిక నెట్‌వర్క్‌లలో అప్‌లింక్ సామర్థ్యం: అలోహా నుండి వైఫై 6 వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వైర్‌లెస్ స్థానిక నెట్‌వర్క్‌లో యాక్సెస్ పాయింట్ నుండి వాడుకరికి వచ్చే సమాచార మార్గం డౌన్‌లింక్. వాడుకరి నుండి యాక్సెస్ పాయింట్‌కు వెళ్ళే మార్గం అప్‌లింక్. అనేకమంది వాడుకరులు ఒకే సమయంలో పంపే సంకేతాలను అనేక యాంటెన్నాల సాయంతో విడదీసి స్వీకరించవచ్చునన్న సిద్ధాంతం 1980లలోనే స్పష్టమైంది. అయినా అది వైఫై ప్రమాణంలో చోటు సంపాదించడానికి 2021 దాకా పట్టింది. ఈ ఆలస్యానికి కారణాలను, ఆ మధ్యకాలంలో తెలుగునాట జరిగిన ఒక ప్రయత్నాన్ని, ఉత్తర తెలంగాణ పట్టణాలకూ పల్లెలకూ ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైఫై, అప్‌లింక్, బహుళ యాంటెన్నాలు, అలోహా, అశ్విని, సుల్తానాబాద్, పెద్దపల్లి, టీ-ఫైబర్.

1. ఉపోద్ఘాతం:

సుల్తానాబాద్ కరీంనగర్, పెద్దపల్లి పట్టణాల మధ్య రాజీవ్ రహదారి మీద ఉన్నది. పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమైన ఈ పట్టణం 2016 అక్టోబర్ 11న ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో చేరింది. శ్రీరాంసాగర్ ఆయకట్టు వరి, దానిని ఆడించే రైస్ మిల్లులు ఇక్కడి ఆర్థిక జీవితానికి ఆధారాలు. ఇటువంటి పట్టణం వైర్‌లెస్ సాంకేతిక చరిత్రలో కనిపించదు. అయితే ఒక సాంకేతికత ఎవరిని దృష్టిలో ఉంచుకొని రూపొందిందో తెలియాలంటే ఇటువంటి చోట నిలబడి చూడడమే మేలు.

కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1న, తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్, టీ-శాట్ ఛానెళ్ళ ద్వారా పాఠశాల పిల్లలకు డిజిటల్ పాఠాలు ప్రారంభించింది. పాఠం ఇంటింటికీ చేరింది. కానీ టెలివిజన్ ఒకవైపు మార్గం. విన్న విద్యార్థి సందేహం అడగాలన్నా, రాసిన జవాబును ఉపాధ్యాయునికి చూపాలన్నా మరో దారి వెతుక్కోవాలి. వినే దారి సులభంగా ఏర్పడడం, చెప్పుకునే దారి కష్టంగా ఏర్పడడం ఆ ఒక్క సందర్భానికే పరిమితమైన విషయం కాదు. వైర్‌లెస్ నెట్‌వర్క్‌ల యాభై ఏళ్ళ చరిత్రలో ఇదే అసమానత పదేపదే కనిపిస్తుంది. దాని మూలాలు సాంకేతికమైనవి ఎంతవరకు, దృక్పథానికి సంబంధించినవి ఎంతవరకు అన్నది ఇక్కడి ప్రశ్న.

2. అలోహా: అప్‌లింక్ సమస్యతో మొదలైన చరిత్ర:

విచిత్రమేమంటే వైర్‌లెస్ సమాచార నెట్‌వర్క్ చరిత్ర అప్‌లింక్ సమస్యతోనే మొదలైంది. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో నడిపిన అలోహా వ్యవస్థలో వేర్వేరు దీవులలోని టెర్మినళ్ళు ఒకే కేంద్ర కంప్యూటర్‌తో రేడియో ద్వారా మాట్లాడేవి. కేంద్రం నుండి టెర్మినళ్ళకు వెళ్ళే మార్గంలో చిక్కు లేదు, పంపేది ఒక్కరే. చిక్కంతా అనేక టెర్మినళ్ళు ఒకే పౌనఃపున్యం మీద కేంద్రానికి పంపడంలోనే ఉన్నది. ఎవరికి పని పడితే వారు పంపాలి. రెండు సంకేతాలు ఢీకొంటే యాదృచ్ఛికంగా కొంతసేపు ఆగి మళ్ళీ పంపాలి. ఇదే అబ్రామ్సన్ పరిష్కారం.

ఈ పద్ధతిలో మార్గం గరిష్ఠంగా 18.4 శాతమే ఉపయోగపడుతుందని గణితం తేల్చింది. కాలాన్ని సమానమైన గడులుగా విభజించి, గడి ఆరంభంలోనే పంపాలని నియమం పెడితే ఈ పరిమితి 36.8 శాతానికి, అంటే సరిగ్గా రెట్టింపుకు, పెరుగుతుంది. అందరూ ఒకే కాలమానాన్ని పాటిస్తే సామర్థ్యం పెరుగుతుందన్న పాఠం ఈ శాస్త్రానికి తొలినాళ్ళలోనే లభించింది. తరువాతి చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ పాఠం ముఖ్యం.

3. విని మాట్లాడే పద్ధతి, దాని ఖర్చు:

1975లో క్లైన్‌రాక్, టొబాగీ మరో మెరుగుదలను విశ్లేషించారు. పంపేముందు మార్గం ఖాళీగా ఉన్నదా అని వినాలి. ఖాళీగా ఉంటేనే పంపాలి. వాహక సంకేతాన్ని విని పంపే ఈ పద్ధతే 1997లో వెలువడిన ఐ.ఇ.ఇ.ఇ. 802.11 ప్రమాణానికి పునాది అయింది. ఆ తొలి ప్రమాణం వేగం సెకనుకు 1 లేదా 2 మెగాబిట్లు. యాక్సెస్ పాయింటే ఒక్కొక్క వాడుకరినీ పిలిచి వంతు ఇచ్చే పద్ధతి కూడా అందులో ఐచ్ఛికంగా ఉండేది. కానీ తయారీదారులు దానిని దాదాపు పట్టించుకోలేదు. ఎవరికి వారు విని మాట్లాడే పద్ధతి చవకైనది, సరళమైనది, కేంద్ర నిర్వహణ అవసరం లేనిది. వైఫై ప్రపంచమంతా వ్యాపించడానికి ఈ సరళత్వం ఒక కారణమన్నది కాదనలేని విషయం.

అయితే దాని ఖర్చు కూడా తక్కువది కాదు. సెకనుకు 54 మెగాబిట్ల వేగం గల 802.11ఎ ప్రమాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1500 బైట్ల సమాచారం గాలిలో ప్రయాణించడానికి సుమారు 222 మైక్రోసెకన్లు పడుతుంది. కానీ దానికి ముందు 34 మైక్రోసెకన్ల నిరీక్షణ, సగటున 67.5 మైక్రోసెకన్ల యాదృచ్ఛిక విరామం, సంకేతం తొలిభాగానికి 20, తరువాత 16 మైక్రోసెకన్ల విరామం, అందినట్టు తెలిపే జవాబుకు 28 కావాలి. మొత్తం అదనపు ఖర్చు 165.5 మైక్రోసెకన్లు. అంటే కాలంలో 57 శాతమే అసలు పనికి వినియోగమైంది. అదే 200 బైట్ల చిన్న సమాచారమైతే అసలు పనికి 30 మైక్రోసెకన్లు, అదనపు ఖర్చు మాత్రం అంతే. ఉపయోగం 15 శాతానికి పడిపోతుంది. ఇది ఒక్కరే పంపుతున్నప్పటి లెక్క. సంకేతాలు ఢీకొంటే జరిగే నష్టం ఇందులో చేరలేదు.

అప్‌లింక్‌లో సాధారణంగా ఎక్కువగా నడిచేవి ఇటువంటి చిన్న సమాచారాలే. మాట, టైపు చేసిన సందేశం, పేజీ కోసం చేసిన అభ్యర్థన, అందినట్టు తెలిపే జవాబు అన్నీ చిన్నవే. వేగం పెరిగేకొద్దీ అసలు సమాచారానికి పట్టే కాలం తగ్గుతుంది కాని అదనపు ఖర్చు ఆ మేరకు తగ్గదు. కనుక కేవలం వేగం పెంచడం అప్‌లింక్ సమస్యకు పరిష్కారం కాదు. దీనికితోడు, దూరంగా ఉండి నెమ్మదిగా పంపే ఒక్క వాడుకరి తక్కినవారి వేగాన్నీ తన స్థాయికి దించుతాడని 2003లో హాయిస్, ఆయన సహపరిశోధకులు నిరూపించారు. వంతుల సంఖ్యలో సమానత్వం ఉన్నది కాని, వంతు ఎంతసేపన్న దానిలో లేదు.

4. బహుళ యాంటెన్నాల సిద్ధాంతం:

ఒకరి తరువాత ఒకరు కాక, అందరూ ఒకేసారి మాట్లాడితే విడదీసి వినగలమా అన్న ప్రశ్నకు సమాధానం బెల్ లాబ్స్ నుండి వచ్చింది. స్వీకరించే చోట అనేక యాంటెన్నాలు ఉంటే, వాటికి అందిన సంకేతాలను తగిన తూకాలతో కలిపి, అక్కరలేని సంకేతాన్ని అణచి, కావలసిన దానిని నిలుపుకోవచ్చునని జాక్ వింటర్స్ 1984లో వివరించాడు. రెండు చెవులున్న మనిషి సంతలో తనకు కావలసిన గొంతును పట్టుకోవడంతో దీనిని పోల్చవచ్చు. స్థూలంగా చెప్పాలంటే యాంటెన్నాలు ఎన్ని ఉంటే అన్ని గొంతులను విడదీయవచ్చు.

ఈ ధారలో భారతీయుని పాత్ర ప్రస్తావనార్హం. తమిళనాడులోని పొల్లాచ్చిలో జన్మించి, భారత నౌకాదళంలో అప్సో సోనార్‌ను రూపొందించిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ అనంతరం స్టాన్‌ఫర్డ్ చేరారు. అక్కడ థామస్ కైలాత్‌తో కలిసి 1992లో ఆయన దాఖలు చేసిన పేటెంటు 1994లో మంజూరైంది. అనేక యాంటెన్నాల ద్వారా ఒకే పౌనఃపున్యం మీద అనేక సమాచార ధారలను పంపే ప్రతిపాదన అది. 2014లో ఆయనకు మార్కోనీ బహుమతి లభించింది. ఈ భావన 2009లో వెలువడిన 802.11ఎన్ ప్రమాణంలో నాలుగు ధారలతో, సెకనుకు గరిష్ఠంగా 600 మెగాబిట్ల వేగంతో వైఫైలో ప్రవేశించింది. అయితే ఆ ధారలన్నీ ఒక సమయంలో ఒకే వాడుకరికి చెందినవి. చేతిలో ఇమిడే ఫోనుకు ఒకటి రెండు యాంటెన్నాలే ఉంటాయి కనుక యాక్సెస్ పాయింట్‌లోని తక్కిన యాంటెన్నాల శక్తి చాలావరకు వృథా అయ్యేది.

5. పశ్చిమ గోదావరి అనుభవం:

ఈ చరిత్రలో తెలుగునేలకు సంబంధించిన ఒక అధ్యాయం ఉన్నది. 2005 జనవరిలో భారత ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకునే వీలు కల్పించింది. ఆ దశాబ్దంలోనే పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ చేపట్టిన అశ్విని ప్రాజెక్టు వైఫై పరికరాలను, టవర్ల మీద నిలిపిన దిశాత్మక యాంటెన్నాలను వాడి గ్రామాలను కలిపింది. విద్య, వైద్యం వంటి సేవలను పల్లెకు తేవడం దాని లక్ష్యం. గదిలో వాడేందుకు పుట్టిన వైఫై ఇక్కడ మైళ్ళ దూరం పనిచేయవలసి వచ్చింది.

ఒక టవర్ మీద నాలుగు దిక్కులకూ నాలుగు యాంటెన్నాలు ఉన్నాయనుకుందాం. ఒకటి స్వీకరిస్తూ ఉండగా పక్కది అదే పౌనఃపున్యం మీద పంపితే, ఆ బలమైన సంకేతం దూరం నుండి వచ్చే బలహీన సంకేతాన్ని ముంచేస్తుంది. విని మాట్లాడే పద్ధతి ఇక్కడ పనికిరాదు. భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో ప్రచురించిన 2పి అనే పద్ధతి దీనికి పరిష్కారం చూపింది. ఒక టవర్ మీది యాంటెన్నాలన్నీ ఒకేసారి పంపాలి, లేదా అన్నీ ఒకేసారి స్వీకరించాలి. అలా చేస్తే ఒకే పౌనఃపున్యం మీద అన్ని దిక్కుల నుండీ ఏకకాలంలో వినడం సాధ్యమవుతుంది. అందుకు వాహక సంకేతం కోసం వినడాన్ని, వెంటనే జవాబివ్వడాన్ని మాన్పించి, వైఫై మూలసూత్రాన్నే వారు పక్కన పెట్టారు. 2007లో సయన్‌దీప్ సేన్, భాస్కరన్ రామన్ ఇటువంటి నెట్‌వర్క్‌ల నిర్మాణ ప్రణాళిక గురించి రాసిన పత్రం పశ్చిమ గోదావరి గ్రామాలనే ఉదాహరణగా స్వీకరించింది. ఖర్చులో ప్రధానభాగం రేడియో పరికరాలది కాదు, టవర్లది అని ఆ అధ్యయనం గుర్తించింది.

2పి పద్ధతి ఈనాటి బహువాడుకరి సాంకేతికత కాదు. అక్కడ గొంతులను విడదీసింది యాంటెన్నాల దిశ, గణితం కాదు. అయినా మూడు షరతులు రెండింటికీ ఉమ్మడివే. పంపేవారందరూ ఒకే కాలాన్ని పాటించాలి. వారి సంకేతాల బలాలు ఒకదానినొకటి ముంచని రీతిలో ఉండాలి. స్థలపరంగా వారు వేరుగా ఉండాలి. నాలుగు గోడల మధ్య పుట్టిన పద్ధతి పల్లె అవసరానికి చాలలేదు కనుకనే ఈ షరతులు ఇక్కడ ముందుగా ముఖ్యమయ్యాయి.

6. డౌన్‌లింక్ ముందు, అప్‌లింక్ తరువాత:

2013లో వెలువడిన 802.11ఎసి ప్రమాణం ఒకేసారి నలుగురు వాడుకరులకు వేర్వేరు సమాచారం పంపే వీలు కల్పించింది. కానీ అది డౌన్‌లింక్‌కే పరిమితం. సిద్ధాంతపరంగా చూస్తే అప్‌లింక్‌కే ఒక సౌలభ్యం ఉన్నది. డౌన్‌లింక్‌లో వాడుకరుల మార్గాల స్థితిని యాక్సెస్ పాయింట్ ముందే తెలుసుకోవాలి. అందుకు వాడుకరులు తరచు నివేదికలు పంపాలి. అప్‌లింక్‌లో ఆ నివేదికలు అక్కరలేదు. వచ్చిన సంకేతం తొలిభాగం నుండే యాక్సెస్ పాయింట్ మార్గాన్ని అంచనా కట్టగలదు. అయినా అప్‌లింక్ ఎందుకు వెనుకబడింది?

మొదటి కారణం సమన్వయం. డౌన్‌లింక్‌లో పంపేది ఒకే పరికరం. కాలమానం ఒకటే, డోలకం ఒకటే. అప్‌లింక్‌లో ప్రతి ఫోనుకూ దాని కాలమానం, దాని డోలకం, దాని బలం. వీటిని కలపకపోతే విడదీసే గణితం విఫలమవుతుంది. ఇది సాధ్యమేనని పరిశోధకులు చూపుతూనే వచ్చారు. 2009లో వెలువడిన సామ్ అనే పద్ధతి అటువంటి ప్రయత్నాలలో ఒకటి. కానీ ప్రయోగశాల నిరూపణకూ కోట్ల పరికరాలు పాటించే ప్రమాణానికీ మధ్య దూరం ఎక్కువ.

రెండవ కారణం వాడుకరి గురించిన ఊహ. బి.ఎస్.ఎన్.ఎల్. 2005 జనవరిలో డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభించినప్పుడు వాడిన ఎ.డి.ఎస్.ఎల్. సాంకేతికత పేరులోనే అసమానత అన్న మాట ఉన్నది. ఆ కుటుంబంలోని తరువాతి ప్రమాణంలో సైతం దిగివచ్చే వేగం 24 మెగాబిట్ల దాకా ఉంటే, ఎగువకు వెళ్ళేది సుమారు ఒక మెగాబిట్. వాడుకరి చదివేవాడు, చూసేవాడు, దిగుమతి చేసుకునేవాడు అన్న అంచనా మీద తీగ నిర్మాణం జరిగింది. వెనుక ఉన్న తీగ ఇరుకైనప్పుడు గాలిలోని అప్‌లింక్ ఇరుకు బయటపడదు. బయటపడని సమస్య పరిష్కారానికి నోచుకోదు.

7. వైఫై 6: వంతు చెప్పే వ్యవస్థ తిరిగి రావడం:

2021లో ఆమోదం పొందిన 802.11ఎఎక్స్, అంటే వైఫై 6, ఈ స్థితిని మార్చింది. దీనిలో యాక్సెస్ పాయింట్ ట్రిగ్గర్ ఫ్రేమ్ అనే పిలుపు పంపుతుంది. ఎవరెవరు, ఏ పౌనఃపున్య భాగంలో, ఎంత బలంతో, ఎంతసేపు పంపాలో ఆ పిలుపు నిర్దేశిస్తుంది. పిలుపు ముగిసిన 16 మైక్రోసెకన్లకు ఆ వాడుకరులందరూ ఒకేసారి పంపుతారు. వారి కాలభేదం 0.4 మైక్రోసెకన్లను, పౌనఃపున్య భేదం 350 హెర్ట్జ్‌లను మించరాదు. బహుళ యాంటెన్నాల ద్వారా ఒకేసారి ఎనిమిది మంది దాకా, పౌనఃపున్యాన్ని పంచుకునే పద్ధతిలో 80 మెగాహెర్ట్జ్ వెడల్పున 37 మంది దాకా పంపవచ్చు. మూడవ విభాగంలో లెక్కించిన నిరీక్షణ, విరామాల ఖర్చు ఒక్కొక్కరికీ విడివిడిగా కాక, అందరికీ కలిపి ఒకసారే పడుతుంది. చిన్న సమాచారాలకు దీనివల్ల కలిగే లాభం ఎక్కువ.

తెలంగాణ రైతుకు ఈ పద్ధతి కొత్త కాదు. చెరువు కింద నీటిని నీరడి పంచేవాడు. ఎవరి మడికి ఎంతసేపు, ఎవరి తరువాత ఎవరు అన్నది అతడు చెప్పేవాడు. శ్రీరాంసాగర్ కాలువల కింద వారబందీ పేరుతో అమలయ్యే వంతుల పద్ధతి కూడా అటువంటిదే. నీరు పుష్కలంగా ఉన్నప్పుడు ఎవరికి వారు పారించుకోవచ్చు. కొరత ఏర్పడినప్పుడు వంతు చెప్పేవాడు కావాలి. 1997 ప్రమాణంలో ఆదరణకు నోచుకోని వంతుల పద్ధతి, గాలిలో రద్దీ పెరిగిన తరువాత కొత్తరూపంలో తిరిగి వచ్చింది.

పాతది పూర్తిగా పోనూ లేదు. ఎవరి దగ్గర పంపవలసిన సమాచారం ఉన్నదో యాక్సెస్ పాయింట్‌కు తెలియాలంటే వాడుకరి ముందుగా ఆ సంగతి చెప్పాలి. వంతు లేనివాడు ఎలా చెప్పాలి? అందుకోసం కొన్ని పౌనఃపున్య భాగాలను అందరికీ వదిలి, యాదృచ్ఛికంగా ఎంచుకోమంటుంది ఈ ప్రమాణం. గడులుగా విభజించిన అలోహా యాభై ఏళ్ళ తరువాత ఈ రూపంలో మళ్ళీ కనిపిస్తుంది.

అమలులో కూడా అప్‌లింక్‌కు బహుళ యాంటెన్నాల సౌకర్యం ఆలస్యంగానే అందింది. 2019 సెప్టెంబరులో మొదలైన వైఫై 6 ధ్రువీకరణలో పౌనఃపున్యాన్ని పంచుకునే అప్‌లింక్ ఉన్నది కాని, బహువాడుకరి బహుళ యాంటెన్నాల అప్‌లింక్ 2022 జనవరి నాటి రెండవ విడత ధ్రువీకరణలో మాత్రమే చేరింది.

8. తెలంగాణ సందర్భం:

అప్‌లింక్ బలహీనత వైఫైకే పరిమితం కాదు. మొబైల్ నెట్‌వర్క్‌లో టవర్ బలంగా పంపగలదు. బ్యాటరీతో నడిచే ఫోను అంత బలంగా పంపలేదు. కనుక టవర్ మాట ఫోనుకు వినిపించే చోట కూడా ఫోను మాట టవర్‌కు అందకపోవచ్చు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదులో ఆచార్య కిరణ్ కూచి బృందం ఈ సమస్య మీద కృషి చేసింది. ఫోను శక్తిని పొదుపుగా వాడుకుంటూ దూరం పంపగల సంకేత రూపాన్ని 5జీ అప్‌లింక్ కోసం ప్రతిపాదించింది. భారతీయ టెలికాం ప్రమాణాల సంస్థ రూపొందించిన 5జీఐ ప్రమాణంలో ఈ దృష్టి ప్రముఖంగా ఉన్నది. దూరదూరంగా టవర్లు ఉండే గ్రామీణ ప్రాంతాన్ని ఉద్దేశించిన ఆ ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2020 నవంబరులో ఆమోదించింది. తరువాత అది ప్రపంచ 5జీ ప్రమాణంలో విలీనమైంది. పశ్చిమ గోదావరిలో వలెనే ఇక్కడ కూడా గ్రామీణ అవసరమే అప్‌లింక్‌ను ముందుకు తెచ్చింది.

2024 డిసెంబరులో టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా ప్రారంభమైన గ్రామాలలో పెద్దపల్లి జిల్లాకు చెందిన అడవి శ్రీరాంపూర్ ఒకటి. గాజుతీగలో ఎగువ, దిగువ వేగాల మధ్య తేడా రాగితీగలో ఉన్నంత ఉండదు. అంటే వెనుక తీగ ఇరుకు తొలగుతున్నకొద్దీ, ఇంతకాలం కనిపించని గాలిలోని ఇరుకు బయటపడుతుంది. బడిలో నలభై మంది పిల్లలు ఒకేసారి జవాబులు పంపేటప్పుడు, ఆసుపత్రి నుండి ఎక్స్‌రే చిత్రం జిల్లా వైద్యునికి వెళ్ళేటప్పుడు, మిల్లులో కెమెరాలన్నీ ఏకధాటిగా దృశ్యాలను పంపేటప్పుడు భారం పడేది అప్‌లింక్ మీదనే.

అయితే ఈ సాంకేతికత పరిమితులను కూడా గుర్తించాలి. ఇద్దరు ముగ్గురు మాత్రమే వాడే ఇంటిలో పిలుపు పంపే ఖర్చే లాభాన్ని మించవచ్చు. ఈ పద్ధతి తెలియని పాత ఫోనులు పిలుపుకు జవాబివ్వలేవు. అవి పాత పద్ధతిలోనే పోటీపడతాయి. చవకైన పాత ఫోనులు ఎక్కువగా ఉన్న చోట కొత్త యాక్సెస్ పాయింట్ కొన్నంత మాత్రాన ఆశించిన ఫలితం రాదు. బడికో, గ్రంథాలయానికో పరికరాలు కొనేవారు దిగువ వేగాన్ని మాత్రమే కాక, ఎగువ మార్గంలో బహువాడుకరి సౌకర్యం ఉన్నదా, వాడుకరుల చేతిలోని పరికరాలు దానిని వాడుకోగలవా అని కూడా అడగడం అవసరం.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, బహువాడుకరి అప్‌లింక్ ఆలస్యానికి సిద్ధాంత లోపం కారణం కాదు. వేర్వేరు పరికరాలను ఒకే కాలానికి, తగిన బలానికి తేవడంలోని కష్టమూ, వాడుకరిని శ్రోతగా మాత్రమే ఊహించిన నిర్మాణ దృష్టీ కలిసి ఆ ఆలస్యానికి కారణమయ్యాయి. రెండు, స్వేచ్ఛగా పోటీపడే పద్ధతికీ వంతులు చెప్పే పద్ధతికీ మధ్య అలోహా కాలం నుండి సాగుతున్న చర్చ ఏదో ఒకదాని విజయంతో ముగియలేదు. వైఫై 6 రెండింటినీ కలుపుకొన్నది. మూడు, ప్రమాణాల చరిత్రలో అంచున ఉన్నట్టు కనిపించే గ్రామీణ ప్రాంతాలు నిజానికి ప్రమాణాల లోపాలను ముందుగా ఎత్తిచూపాయి. పశ్చిమ గోదావరి టవర్లు, గ్రామీణ విస్తీర్ణం కోసం రూపొందిన 5జీఐ దీనికి నిదర్శనాలు.

2020లో పాఠం విన్న పెద్దపల్లి జిల్లా విద్యార్థికి కావలసింది మరింత వేగంగా వినడం మాత్రమే కాదు. తాను అడిగినది అవతలి వారికి చేరడం కూడా. నెట్‌వర్క్ సామర్థ్యాన్ని కొలిచేటప్పుడు దిగివచ్చే వేగంతో పాటు ఎగువకు వెళ్ళే మాటను కూడా కొలమానంగా స్వీకరించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.